ఒలిగోపోలీ సులువే, రెంట్ దగ్గరే తిప్పలు

"సార్, ఎకనామిక్స్‌కు, కామర్స్‌కు కావాల్సిన ఇంగ్లిష్ పదాల లిస్టు ఏదన్నా ఉంటే వాట్సాప్ చెయ్యుండ్రి."

ఇంటర్ దాకా తెలుగు మీడియంలో సీఈసీ చదివి, డిగ్రీలో ఇంగ్లిష్ మీడియం బీకాంలో చేరిన పిల్లలు ఏటా అడిగే మాట ఇది. అట్లాంటి లిస్టులు ఫోన్లలో బోలెడు తిరుగుతున్నాయి. ఒక్కో ఇంగ్లిష్ మాటకు ఎదురుగా ఒక్కో తెలుగు మాట. నేను పంపను. ఎందుకు పంపనో చెప్దామంటే పరీక్షల ముందు వినే తీరిక ఎవరికీ ఉండదు, పరీక్షలు అయినంక అవసరం ఎవరికీ ఉండదు. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నా.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో అకౌంటెంటును. పగలంతా ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు, సివిల్ సప్లయిస్‌కు పెట్టే సీఎంఆర్ (సర్కారు వడ్లు ఆడించి తిరిగిచ్చే) బియ్యం లెక్కలు. పొద్దుగూకినంక ఇంటి వరండాలో డిగ్రీ పిల్లలకు ట్యూషన్. నేనూ తెలుగు మీడియం వాణ్నే. 'క్షీణోపాంత ప్రయోజన సూత్రం' అని నోరు తిరిగేలా బట్టీ పట్టిన బ్యాచ్ మాది. దాంతో పోలిస్తే 'లా ఆఫ్ డిమినిషింగ్ మార్జినల్ యుటిలిటీ' నాకు అలకగానే అనిపించింది.

పిల్లలు భయపడేది పెద్ద మాటలకు. ఒలిగోపోలీ, ఎలాస్టిసిటీ, మోనోపోలిస్టిక్ కాంపిటిషన్. నిజానికి వాటితో ఏ ఇబ్బందీ లేదు. ఒలిగోపోలీ అన్న మాట మన బజార్లో ఎవరూ అనరు. అమ్మేవాళ్లు కొద్దిమందే ఉన్న మార్కెట్ అని ఒక్కసారి చెప్పి, సిమ్ కార్డుల కంపెనీలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టమంటే చాలు, జన్మలో మరిచిపోరు. కొత్త మాట, ఒకటే అర్థం, వేరేదానితో కలవదు. ముంచేవన్నీ చిన్న మాటలు: రెంట్, కాస్ట్, రియల్, స్టాక్, నార్మల్, ఇన్‌ఫీరియర్, ఇన్వెస్ట్‌మెంట్. ఇవి ఇంట్లో, హోటల్లో, ఆటోలో రోజూ వినేవే. తెలిసిన మాటే కదా అని పిల్లలు వాటి దగ్గర ఆగనే ఆగరు. లిస్టు చేసినవాళ్లు కూడా అవి తేలికైనవని వదిలేస్తారు.

రెంట్‌నే తీసుకోండి. రికార్డో రెంట్ సిద్ధాంతం రాయమంటే ఇంటి కిరాయి, అడ్వాన్సు అని మొదలుపెట్టిన పేపర్లు నేను దిద్దాను. డేవిడ్ రికార్డో అనే ఇంగ్లండ్ ఆర్థికవేత్త 1817లో రాసింది భూమి గురించి. అందులోనూ బోరు వేయించినందుకు, గట్లు పోయించినందుకు వచ్చేది ఆయన లెక్కలో అసలైన రెంట్ కాదు, అది పెట్టిన సొమ్ము మీద రాబడి. నేలకు సహజంగా ఉన్న సత్తువకు దక్కేదే రెంట్. సాగర్ ఎడమ కాల్వ కింద ఎకరానికీ, దేవరకొండ దిక్కు మెట్ట ఎకరానికీ తేడా చెప్పి వివరించబోతే, "కాల్వ మనుషులు తవ్విందే కద సార్" అని ఒక పిల్ల పట్టుకుంది. నిజమే. అందుకని ఇప్పుడు ఒకటే ఊళ్లో పక్కపక్కనున్న నల్లరేగడినీ, దుబ్బ చెల్కనూ తీసుకుంటా. అదే వాన, అవే విత్తనాలు, అదే కైకిలి. రేగడిలో నాలుగు బస్తాలు ఎక్కువొచ్చినయి. ఆ నాలుగు బస్తాలే రెంట్. పెట్టిన ఖర్చు వెళ్లి చేతిలో ఏమీ మిగలని చెల్క ఉందే, దాన్ని మార్జినల్ ల్యాండ్ అంటారు. దానికి రెంట్ సున్నా.

ఇది అర్థమైతే రికార్డో చెప్పిన అసలు ముచ్చట దానంతటదే తెలుస్తుంది. ధాన్యం ధర ఎక్కువుంది కాబట్టే రెంట్ ఎక్కువ. రెంట్ ఎక్కువుండటం వల్ల ధాన్యం ధర పెరగలేదు. మా దిక్కు కౌలు రైతులకు ఇది చెప్పనక్కర్లేదు, వడ్ల ధర లేసిన మరుసటేడు పట్టాదారు కౌలు ఎట్లా పెంచుతాడో వాళ్లకు తెలుసు. తర్వాతి కాలంలో ఈ రెంట్ అన్న మాట భూమిని దాటి ఇంకా పైకి పోయింది. 'రెంట్ సీకింగ్' అన్న మాటను 1974లో ఆన్ క్రూగర్ అనే అమెరికా ఆర్థికవేత్త వాడుకలోకి తెచ్చింది. కొత్తగా ఏమీ పండించకుండా, తయారు చేయకుండా, లైసెన్సులూ పర్మిట్లూ పట్టుకొని సంపాదించే సొమ్ము కోసం తిరగడం అన్నమాట. ఇంటి కిరాయి వెతుక్కోవడం కాదు. పొద్దున ఎకనామిక్స్ పరీక్ష రాసి, మధ్యాహ్నం అకౌంటెన్సీ పేపర్లో 'అవుట్‌స్టాండింగ్ రెంట్' అని వస్తే మాత్రం అది అచ్చంగా షాపు కిరాయి బాకీయే. పొద్దున ఒక అర్థం, మధ్యాహ్నం ఒక అర్థం. లిస్టులో మాత్రం రెంట్ ఎదురుగా 'అద్దె' అని ఒక్కటే ఉంటుంది.

ఇన్‌ఫీరియర్ గూడ్స్ అంటే నాసిరకం సరుకులని ప్రతి బ్యాచ్ రాస్తుంది. నాణ్యతతో దానికి పని లేదు. ఆదాయం పెరిగినకొద్దీ కొనడం తగ్గించే సరుకును అట్లా అంటారు, పెంచేదాన్ని నార్మల్ గూడ్ అంటారు. దీనికి పాలమూరును మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. మా అమ్మమ్మ వాళ్లది అటు నారాయణపేట దిక్కు. ఆమె చిన్నప్పుడు రోజూ జొన్న గటక, జొన్న రొట్టె. వరి బువ్వ పండుగకు. చేతిలో నాలుగు పైసలు ఆడగానే జనం జొన్న తగ్గించి బియ్యానికి మళ్లారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినంక ఆ మళ్లడం ఇంకా జోరందుకుంది. అంటే అప్పటి ఇళ్లకు జొన్న ఇన్‌ఫీరియర్ గూడ్. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో సాయంత్రం రోడ్డు పక్కన జొన్న రొట్టెలు కాల్చే అక్కల దగ్గర కార్లు ఆగుతున్నాయి. షుగర్ ఉన్న ఉద్యోగస్తులు, జిమ్ముకు పోయే పిల్లలు. ఆదాయం పెరిగినకొద్దీ ఎక్కువ కొంటున్నారు కాబట్టి వాళ్లకు అదే జొన్న నార్మల్ గూడ్. గింజ మారలేదు. కొనేవాడి ఆదాయానికీ కొనుగోలుకూ ఉన్న సంబంధం మారింది. ఇన్‌ఫీరియర్ అన్నది ఆ సంబంధానికి పెట్టిన పేరు.

ఇక డెబిట్, క్రెడిట్. ఇక్కడ కాస్త నిలబడాలి.

ఫోన్ చేతికొచ్చిన నాటి నుంచి పిల్లలకు తెలిసింది ఒకటే: క్రెడిట్ అయిందని మెసేజ్ వస్తే పైసలొచ్చినట్టు, డెబిట్ అయిందని వస్తే పోయినట్టు. ఫస్టియర్ పుస్తకం తెరిస్తే నగదు రాగానే 'క్యాష్ అకౌంట్ డెబిట్' అని ఉంటుంది. "పైసలొస్తే డెబిట్ ఎట్లయితది సార్? బ్యాంకోళ్లది తప్పా, పుస్తకంది తప్పా?" చాలామంది ఈ ప్రశ్న అడగకుండా 'డెబిట్ వాట్ కమ్స్ ఇన్, క్రెడిట్ వాట్ గోస్ అవుట్' అని చిలకపలుకులు వల్లిస్తారు. అడిగినవాళ్లే నయం.

రెండూ కరెక్టే. ఆ మెసేజ్ బ్యాంకు తన పుస్తకం చూసి పంపింది. నేను పదివేలు వేస్తే బ్యాంకు నాకు పదివేలు బాకీ పడింది. బ్యాంకుకు అది అప్పు. అప్పు పెరిగితే క్రెడిట్. అదే పదివేలు నా పుస్తకంలో రాసుకుంటే, బ్యాంకు నాకు ఇవ్వాల్సిన సొమ్ము పెరిగింది. అది నా ఆస్తి. ఆస్తి పెరిగితే డెబిట్. సొమ్ము ఒకటే, పుస్తకాలు రెండు. మన చేతిలో ఉన్న పాస్‌బుక్ మన పుస్తకం కాదు, బ్యాంకు ఖాతాలో మన పేజీకి నకలు. ఈ ఒక్క ముక్క తలకెక్కిన పిల్లలకు బ్యాంక్ రీకన్సిలియేషన్ స్టేట్‌మెంట్ (మన పుస్తకానికీ బ్యాంకు పుస్తకానికీ తేడా సరిచూసే పట్టిక) సగం అయిపోయినట్టే. ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఖాతాలో ఉన్నదానికన్నా ఎక్కువ తీసుకొని ఉన్నప్పుడు, పాస్‌బుక్‌లో డెబిట్ బ్యాలెన్స్ ఎందుకు కనపడుతుందో వేరేగా చెప్పే పని ఉండదు.

దీంట్లోనే ఇంకో మెలిక ఉంది. మా మిల్లులో కంప్యూటర్ రాకముందు చిట్టా రాసిన పాత గుమాస్తా తాత ఒకాయన అప్పుడప్పుడు వచ్చి కూర్చుంటాడు. జమ, ఖర్చు, బాకీ, ఖాతా, రసీదు, నఫా, నుక్సాన్, గిర్వి, కిస్తు, ఈ లెక్కల మాటలన్నీ ఆయన నోట్లో నలిగినవే. ఆయన చిట్టాలో పైసలొస్తే 'జమ'. డిక్షనరీలో జమకు ఎదురుగా క్రెడిట్. ఇంగ్లిష్ క్యాష్‌బుక్‌లో మాత్రం వచ్చిన సొమ్ము డెబిట్ దిక్కు పడుతుంది. తాతకు ఇది ఎప్పుడూ గిట్టదు, "మీ ఇంగిలీషు లెక్కలన్నీ తలకిందులు" అంటాడు. తలకిందులేమీ కాదు. తాత జమ రాసింది ఇచ్చిన మనిషి పేరు మీద. ఫలానా రైతు ఇచ్చిండు, ఆయన పేర జమ. ఇచ్చినవాడి ఖాతాకు క్రెడిట్, అది ఇంగ్లిష్‌లోనూ అంతే. కాకపోతే ఇంగ్లిష్ పద్ధతిలో మనుషులతోపాటు నగదుకు కూడా ఒక ఖాతా ఉంది. మనిషి ఖాతాలో క్రెడిట్ పడ్డ ప్రతిసారీ నగదు ఖాతాలో డెబిట్ పడాలి. ఇటలీలో లూకా పచోలీ 1494లో అచ్చువేయించిన డబుల్ ఎంట్రీ పద్ధతి ఇదే. క్యాష్‌బుక్ ఎడమ దిక్కున 'టు' అని పెట్టి రాసే పేరు, తాత జమ రాసిన పేరు, రెండూ ఒకరివే. ఇంకొకటి కూడా ఇక్కడే చెప్తా. జర్నల్ ఎంట్రీ కింద నరేషన్ (ఆ పద్దు ఎందుకో చెప్పే వాక్యం) 'బీయింగ్' అని ఎందుకు మొదలైతదని గ్రామర్ పుస్తకాల్లో వెతక్కండి. అది లెక్కల పుస్తకాల రివాజు. అట్లనే రాసి ముందుకు పోండి.

మా సేటు ఒకరోజు నా పాఠం విన్నాడు. కాస్ట్ గురించి నడుస్తోంది. మిల్లు షెడ్డు ఆయన సొంతం, మిషన్లకు పెట్టిన పైసలూ సొంతవే, పొద్దంతా కాంటా దగ్గర నిలబడేదీ ఆయనే. వడ్ల పైసలు, కరెంటు బిల్లు, హమాలీ, జీతాలు పోను మిగిలిందంతా ఆయన దృష్టిలో లాభం. నా పుస్తకాల్లో కూడా అంతే, దాన్నే అకౌంటింగ్ ప్రాఫిట్ అంటాం. ఎకనామిక్స్ పుస్తకం మాత్రం ఒప్పుకోదు. షెడ్డు వేరేవాళ్లకు కిరాయికిస్తే ఎంతొచ్చేది? ఆ సొమ్ము బ్యాంకులో వేస్తే మిత్తి ఎంతొచ్చేది? సేటు ఇంకో మిల్లులో మేనేజరుగా చేస్తే జీతమెంత? చేతి నుంచి పోని ఈ ఖర్చులు ఇంప్లిసిట్ కాస్ట్. ఇవన్నీ తీసేస్తే ఎకనామిక్ ప్రాఫిట్. అది సరిగ్గా సున్నా అయితే ఆయనకు వచ్చేదాన్ని నార్మల్ ప్రాఫిట్ అంటారు. నార్మల్ అంటే మామూలు లాభం అనుకుంటారు అందరూ. ఆ పని మానేసి ఇంకో పనికి పోకుండా మనిషిని పట్టి ఉంచేటంత రాబడి అని దానర్థం. ఇది తెలియకనే పర్ఫెక్ట్ కాంపిటిషన్ (అమ్మేవాళ్లు, కొనేవాళ్లు లెక్కలేనంత మంది ఉన్న మార్కెట్) పాఠంలో 'లాంగ్ రన్‌లో ఫర్మ్‌కు సున్నా లాభం' అని వస్తే, మరి దుకాణం ఎందుకు తెరుస్తారని పిల్లలు బిత్తరపోతారు. సేటు అంతా విని, "అంటే నేనిన్నేండ్లు నాకు నేనే జీతం ఇచ్చుకుంటున్ననా?" అన్నాడు. లాంగ్ రన్ అంటే చాలా ఏళ్లు అని కూడా కాదని ఆయనకు చెప్పలేదు కానీ మీకు చెప్తా. షెడ్డూ మిషన్లూ సహా అన్నీ మార్చుకునే వీలున్న కాలం అది. మిర్చి బజ్జీల బండికి వారం చాలు, రైస్ మిల్లుకు ఏండ్లు పడుతుంది.

ఇంతలో 'నార్మల్ లాస్' కూడా వస్తుంది, కాస్ట్ అకౌంటింగ్‌లో. ప్రభుత్వ వడ్లు క్వింటాలు ఆడిస్తే 67 కిలోల పచ్చి బియ్యమో, 68 కిలోల ఉప్పుడు బియ్యమో తిరిగివ్వాలి. మిగతాది నూకలు, తౌడు, ఊక, తేమ. ఇందులో తేమ ఆరి తగ్గేది ముందే తెలిసిన నష్టం, అది నార్మల్ లాస్. వానకు బస్తాలు తడిసి మొలకలొస్తే అబ్‌నార్మల్ లాస్. నూకలు, తౌడు నష్టం కిందికి రావు. అవి అమ్ముడుపోయేవి, బై ప్రొడక్ట్స్.

ఇంట్రెస్ట్ దగ్గర తిప్పలంతా కాలం గురించే. మా దిక్కు మిత్తి నెలకు చెప్తారు. నూటికి రెండు అంటే నెలకు రెండు. లక్షకు నెలకు రెండువేలు, ఏడాదికి ఇరవైనాలుగు వేలు, అంటే 24 పర్సెంట్ పర్ ఆనమ్. నెలనెలా మిత్తి మీద మిత్తి వేస్తే దాదాపు 26.8. బ్యాంకు పంటరుణం 7 శాతం, టైముకు కడితే 4, అది ఏడాదికి. పుస్తకంలో లెక్కలన్నీ ఏడాదివే. ప్రశ్నలో 'పీ.ఏ.' అన్న రెండక్షరాలు చూడకుండా లెక్క చేస్తే ఇంటి పద్ధతి దూరిపోతుంది. అన్నట్టు ప్రిన్సిపల్ అంటే ఇక్కడ అసలు. కాలేజీలో ఉండే ఆయనకూ దానికీ స్పెల్లింగ్ కూడా ఒకటే, ఏం చేస్తాం.

'పెట్టుబడి' అన్న ఒక్క తెలుగు మాట మోసేంత బరువు ఇంకే మాటా మోయదేమో. క్యాపిటల్ పెట్టుబడే, ఇన్వెస్ట్‌మెంట్ పెట్టుబడే, వ్యవసాయం ఖర్చూ పెట్టుబడే. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి సీజనుకు నాలుగువేలు ఇచ్చారు. తెలుగులో పెట్టుబడి సాయం, ఇంగ్లిష్‌లో ఇన్వెస్ట్‌మెంట్ సపోర్ట్ స్కీమ్. మంచిదే. కానీ జీడీపీ పాఠంలో విత్తనాలు, యూరియా ఇన్వెస్ట్‌మెంట్ కిందికి రావు. అవి ఆ పంటలోనే అయిపోయేవి, ఇంటర్మీడియట్ కన్సంప్షన్. కొత్త ట్రాక్టరు, కొత్త గోదాం, మిల్లులో కొత్త డ్రయ్యర్, ఇవి ఇన్వెస్ట్‌మెంట్. మరి సాగర్ హైవే మీద ప్లాటు కొంటే? "ఇన్వెస్ట్ చేసినం సార్" అంటారు. అది ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారడమే, దేశంలో కొత్తగా తయారైంది ఏదీ లేదు. రియల్ ఎస్టేట్ చేసే మా బామ్మర్ది ఈ పేరా చదివితే నాతో మాట్లాడడు, అయినా పరీక్షలో రాయాల్సింది ఇదే.

స్టాక్ అంటే మిల్లులో బస్తాలు, అకౌంటెన్సీలో క్లోజింగ్ స్టాక్, టీవీలో షేర్లు. ఎకనామిక్స్‌లో దానికి జోడీ ఫ్లో. ఇది మాత్రం మా జిల్లా పిల్లలకు చిటికెలో వస్తుంది, వానాకాలం టీవీ వార్తలు చూసి పెరిగారు కాబట్టి. సాగర్‌లో నిండుగా 590 అడుగులకు 312 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు), అది స్టాక్. పైనుంచి వచ్చే ఇన్‌ఫ్లో ఇన్ని క్యూసెక్కులు (సెకనుకు ఇన్ని ఘనపుటడుగులు), అది ఫ్లో. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా వస్తే ఒక టీఎంసీ. టీఎంసీకి తేదీ కావాలి, క్యూసెక్కుకు కాలం కావాలి. అట్లనే సర్కారు అప్పు స్టాక్, ఏటేటా లోటు ఫ్లో. ఆస్తి స్టాక్, ఆదాయం ఫ్లో. డెట్‌నూ డెఫిసిట్‌నూ కలిపి రాసేవాళ్లు ఈ సాగర్ లెక్క తర్వాత కలపరు.

లోటు మాటొచ్చింది కాబట్టి పేపర్ల మీద నా ఫిర్యాదు ఒకటి. తెలుగు దినపత్రికల్లో ఫిస్కల్ డెఫిసిట్‌ను 'ద్రవ్య లోటు' అని రాస్తారు. మన పాఠ్యపుస్తకాల్లో ద్రవ్య విధానం అంటే మానిటరీ పాలసీ, కోశ విధానం అంటే ఫిస్కల్ పాలసీ. పేపర్ చదివే అలవాటున్న మంచి పిల్లాడే పరీక్షలో 'మానిటరీ డెఫిసిట్' అని రాస్తాడు. అట్లాంటిది ఏదీ లేదు. మానిటరీ అంటే రిజర్వ్ బ్యాంకు పని, వడ్డీరేట్లు. ఫిస్కల్ అంటే ప్రభుత్వం పని, పన్నులు, ఖర్చులు, అప్పులు.

డిమాండ్ గురించి రెండే ముక్కలు. కార్మిక సంఘాల డిమాండ్లు వేరు, అవి పక్కనపెట్టండి. కొనాలనే కోరిక, కొనే స్తోమత, ఖర్చుకు సిద్ధపడటం, మూడూ ఉంటేనే పుస్తకంలో డిమాండ్. ఇక బత్తాయి రేటు తగ్గి ఎక్కువ కొంటే, 'డిమాండ్ పెరిగింది' అని రాయకూడదు, 'క్వాంటిటీ డిమాండెడ్ పెరిగింది' అని రాయాలి. ధరకూ కొనుగోలుకూ సంబంధం చూపే డిమాండ్ గీత మీదే కిందికి జారినట్టు. అదే డెంగీ జ్వరాలొచ్చి, పాత రేటుకే జనం ఎగబడి కొంటే అప్పుడు డిమాండ్ పెరిగినట్టు, గీతే కుడిదిక్కు జరుగుతుంది. మొదటిది మూవ్‌మెంట్, రెండోది షిఫ్ట్. దీనికి మార్కులు గ్యారంటీగా కోస్తారు.

చివరికి రియల్. 'నిజమైన' అని అనువదించుకుంటే రియల్ వేజ్ అంటే నిజమైన జీతం, నామినల్ వేజ్ అంటే అబద్ధపు జీతం అయిపోతుంది. రియల్ అంటే ధరల పెరుగుదల తీసేసి చూసింది, ఆ పైసలతో ఎంత సరుకు వస్తుందో అది. మా వడ్లతోనే చూద్దాం. సాధారణ రకం మద్దతు ధర 2024-25లో క్వింటాలుకు 2,300 రూపాయలు, 2025-26లో 2,369. ఇంగ్లిష్‌లో రాస్తే పెరిగింది 'బై 69', 'టు 2,369'. ఈ బై, టు తారుమారైతే రైతు కొంప మునుగుతుంది. 69 అంటే 3 శాతం. అదే ఏడాదిలో మిగతా సరుకుల ధరలు 4.6 శాతం పెరిగాయనుకోండి. ఆ లెక్కన కాగితం మీద ధర పెరిగినా, రియల్‌గా తగ్గినట్టే. పాలమూరు నుంచి పుణె, ముంబై పోయే కూలీల కూలి కూడా ఇట్లనే చూడాలి. అక్కడ రోజుకు చేతికొచ్చేది ఎక్కువే, అక్కడి గుడిసె కిరాయి, తిండి తీసి చూస్తే తప్ప ఇక్కడి కూలితో పోల్చలేం.

శాతాల్లో ఇంకో గుంట ఉంది. 2025 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని) 6.5 నుంచి 6.25కు తగ్గించింది. 0.25 శాతం తగ్గిందని రాస్తే లెక్క ప్రకారం తప్పు. తగ్గింది 0.25 పర్సెంటేజ్ పాయింట్లు, బ్యాంకుల భాషలో 25 బేసిస్ పాయింట్లు. శాతంలో చెప్పాలంటే దాదాపు 3.85 శాతం తగ్గింది. పేపర్లు కూడా దీంట్లో తరచూ తడబడతాయి. పెద్ద అంకెలకు వస్తే, మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. ప్రపంచ బ్యాంకు రిపోర్టు చదవాలంటే ఇవి కళ్లు మూసుకున్నా రావాలి.

ప్రశ్నపత్రంలో మాటలు కూడా పదాల కిందే లెక్క. 'స్టేట్ ద లా ఆఫ్ డిమాండ్' అంటే రాష్ట్రంతో సంబంధం లేదు, సూత్రం ఏమిటో చెప్పమని. రెండు లైన్లు చాలు. 'ఎక్స్‌ప్లెయిన్' అంటే పట్టిక, గీత వేసి వివరించాలి. 'డిస్టింగ్విష్' అంటే తేడాలు మాత్రమే, రెండింటికీ విడివిడిగా వ్యాసాలు రాయొద్దు. 'క్రిటికల్లీ ఎగ్జామిన్' అంటే సిద్ధాంతం చెప్పి దాని లోపాలూ చెప్పాలి. తిట్టమని కాదు.

ఉచ్చారణ కూడా ఒక మాట, ఇంటర్వ్యూలకు పోయేవాళ్ల కోసం. అప్పు అన్న అర్థంలో డెట్ అనాలి, డెబ్ట్ కాదు, బీ పలకదు. రిసీట్‌లో పీ పలకదు.

పదాలు రాసుకునే పద్ధతి అడిగేవాళ్లకు: ఒక మాటకు ఒక పేజీ ఇవ్వండి. పైన మన ఇంట్లో ఆ మాటకు ఉన్న అర్థం, కింద ఎకనామిక్స్‌లో అర్థం, ఇంకా కింద అకౌంటెన్సీలో అర్థం వేరుంటే అదీ. ప్రతిదాని పక్కన పుస్తకంలోంచి ఒక పూర్తి వాక్యం ఎత్తి రాయండి, ఉత్త మాట రాసి వదలొద్దు. ఇంగ్లిష్ అలవాటు కావాలంటే ఎన్‌సీఈఆర్‌టీ ప్లస్ వన్, ప్లస్ టూ ఎకనామిక్స్ పుస్తకాలు నెట్‌లో ఉచితంగా ఉన్నాయి, డిగ్రీ గైడ్ల కన్నా వాటి ఇంగ్లిష్ తేలిక. రెండు నెలలకోసారి వచ్చే రిజర్వ్ బ్యాంకు పాలసీ ప్రకటనను మొదట తెలుగు పేపర్లో చదివి, తర్వాత ఇంగ్లిష్‌లో చదవండి. ఈసారి ట్యూషన్‌లో మేం బడ్జెట్ ప్రసంగం ముందేసుకుంటున్నాం. రెవెన్యూ డెఫిసిట్, ప్రైమరీ డెఫిసిట్ తేడా ఆ రోజు చెప్తా. మిర్యాలగూడలో ఉన్నవాళ్లు వస్తామంటే రండి, వరండాలో చోటుంది, కుర్చీలు మాత్రం తక్కువ.